కాడికట్టు: మాటలు, సామాను, మెడపుండు

పశువును పనికి కట్టుటకు కావలసిన సామాను మొత్తమునకు ఇంగ్లీషులో ‘హార్నెస్’ అను ఒక్క మాట ఉన్నది. మనకు అట్టి ఒక్క మాట లేదు. దాని లోటు కూడ మన రైతులకు ఎన్నడును తెలిసిరాలేదు. కాడి, పలుపు, పట్టెడ, ముకుతాడు, పగ్గము, తలుగు, దామెన, చిక్కము, కళ్ళెము, జీను అని ప్రతి వస్తువునకు దాని పనిని తెలుపు పేరు వేరుగా కలదు. ఈ వ్యాసము మట్టుకు అన్నింటిని కలిపి కాడికట్టు అని పిలుచుకొందము.

ఈ సంగతి ఇప్పుడెందుకని మీరు అడుగవచ్చును. ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఊళ్ళలో ఎద్దుల జతలు బాగుగా తగ్గినవి. అయినను చిన్న కమతములలోను, పత్తి, కంది, మిరప సాళ్ళ నడుమ గుంటక తోలుటకును ఎద్దులను నమ్ముకొన్న రైతులు నేటికిని ఎందరో కలరు. జతలు తగ్గిన కొలది కాడి చెక్కు వడ్రంగులును, జనుముతో పలుపులు పేను పెద్దలును తగ్గినారు. సంతలో దొరకిన నైలాను తాడు పలుపైనది. చేతికందిన గుంజ కాడియైనది. దాని ఫలితము ఎద్దు మెడమీద కనబడుచున్నది. మృగశిర, ఆరుద్ర కార్తెలలో వాన కురిసి నేల పదునుకు వచ్చిన నాలుగు దినములలో ఎద్దు మెడ పుండై కొట్టములో నిలిచిపోయినచో ఆ రైతుకు అదను తప్పినట్లే. బాడుగకు అరక తెచ్చుకొందమన్నను ఆ దినములలో ఎవరి అరక వారికే చాలదు.

మాటల పుట్టుక

సంస్కృతములో ‘యుజ్’ అను ధాతువునకు కూర్చుట, కట్టుట అని అర్థము. దానినుండి పుట్టినదే యుగము. యుగమనగా కాలమని మాత్రమే మనకు తెలియును గాని, కాడియనియు, జతయనియు కూడ దానికి అర్థములు కలవు. హిందీలో జువా, లాటినులో జుగుమ్, ఇంగ్లీషులో యోక్ అను మాటలు ఈ కుదురునకు చెందినవే. కాడికి పశువును కట్టు పట్టెను సంస్కృతములో యోక్త్రమందురు. ‘ధుర’ అనగా కూడ కాడియే. గొప్ప భారమును మోయగలవానిని ధురంధరుడనుట అందువలన వచ్చినది. ఉద్యోగము, ప్రయోగము, వినియోగము అను మాటలును యుజ్ ధాతువునకు చెందినవే గనుక, ఈ పత్రిక చదువు గ్రామోద్యోగులు తామును ఒక విధముగా కాడి క్రింద ఉన్నవారమేనని నవ్వుకొనవచ్చును.

ఇంగ్లీషు పత్రికలు నదిని ‘హార్నెస్’ చేసినారని వ్రాయును. మనము నదీజలములను వినియోగించుకొనుట అందుము. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది మొదలు కృష్ణానీటి వినియోగమను మాట ఊరూర వినబడినది. ఆ మాట లోపల కూడ కాడి ఉన్నదన్నమాట.

హార్నెస్ అను మాటకు మొదట పశువుతో సంబంధము లేదు. అది పాత ఫ్రెంచి భాషనుండి వచ్చినది. అప్పుడు దానికి సైనికుని కవచము, యుద్ధ సామాను అని అర్థము. తరువాత గుర్రపు సామానుకు, ఆపైన మగ్గములో పడుగుపోగులను ఎత్తి దించు కట్టుకు, ఎత్తున పనిచేయువాడు పడిపోకుండ ఒంటికి తగిలించుకొను పట్టీలకు ప్రాకినది. ఈ చివరి అర్థమునకు మన యూళ్ళలో సరియైన మాట మోకు. గీత కార్మికులు మోకు, ముత్తాదుల నమ్మకముతోనే తాడిచెట్టు ఎక్కుచు వచ్చిరి. తెలంగాణలో 2024లో వారికి ‘కాటమయ్య రక్షణ కవచము’ అను పేర కొత్త సామాను పంచుట మొదలైనది. హార్నెస్ తన తొలి అర్థమైన కవచమునకు ఇట్లు తెలుగులో తిరిగి చేరుట విచిత్రముగా ఉన్నది.

మన వాడుక మాటలు కూడ ఈ సామాను చుట్టును తిరుగుచున్నవి. పని నడుమ చేతులెత్తినవాడు కాడి పారవేసినాడందుము. మాట విననివానికి ముకుతాడు వేయవలెనందుము. పెత్తనము అప్పగించుటను పగ్గములు చేతికిచ్చుట అందుము. ఈ మూడు మాటలలో మూడు వస్తువుల పని స్పష్టముగా ఉన్నది. ముకుతాడు అదుపులో ఉంచును, పగ్గము త్రిప్పును, కాడి బరువు లాగించును. మెడ క్రిందుగా కట్టు పట్టెడకు లాగు పని లేదు. కాడి పైకి లేచిపోకుండ పట్టియుంచుటయే దాని పని. ఏ వస్తువు చేయవలసిన పనిని అది చేసినపుడు మెడ చెడదు. పట్టెడను బిగించి లాగుడు దానిమీద పడునట్లు కట్టినచో ఎద్దు గొంతుతో లాగవలసివచ్చును. ఊపిరి చాలదు, సగము దినమునకే నోరు తెరచును.

ఎద్దు మెడ, గుర్రపు భుజము

ఎద్దు మూపురము ముందు కాడి నిలుచుటకు ప్రకృతి ఒక పీట అమర్చినది. మన ఒంగోలు, హళ్ళికార్ జాతుల ఎద్దులకు మూపురమున్నది గనుక కాడి దానికి ఆనుకొని నిలుచును. మూపురములేని ఐరోపా ఎద్దులకు కొన్ని దేశములలో కాడిని కొమ్ములకే కట్టెడివారు. గుర్రమునకు ఈ రెండును కుదరవు. దాని బలము భుజములలో ఉన్నది. భుజములపై ఆను మెత్తని మెడపట్టీ చైనాలో ముందుగా, ఐరోపాలో సుమారు వేయి యేండ్ల క్రిందట వాడుకలోనికి వచ్చినది. పూర్వకాలపు కట్టు గుర్రపు గొంతును నొక్కి దాని బలమును వృథా చేసినదని లెఫెవ్ర్ దె నోయెట్ అను ఫ్రెంచి సైనికోద్యోగి 1931లో ఒక పెద్ద గ్రంథము వ్రాసినాడు. 1970 దశకములో జాఁ స్ప్రూయిట్ అను మరియొక ఫ్రెంచివాడు పాతకట్టులను తిరిగి చేయించి, గుర్రములకు కట్టి తోలి చూచి, అవి అంత చెడ్డవి కావని చూపెను. పండితుల వాదమెట్లున్నను మనకు కావలసిన సంగతి ఒకటే: కట్టు ఎచ్చట ఆనునో అచ్చటనే బలమంతయు దిగును.

లాగుడు లెక్క

ఎద్దు దినమంతయు నిలకడగా లాగగల బలము దాని బరువులో సుమారు పదవవంతు. 400 కిలోల ఎద్దు 40 కిలోల లాగుడు, జత 80 కిలోల లాగుడు ఇచ్చును. రాయి తగిలినపుడో, బండి బురదలో దిగబడినపుడో కొన్ని క్షణములపాటు ఇంతకు ఎన్నో రెట్లు లాగగలదు గాని దానిని లెక్కలోనికి తీసికొని పని పెట్టరాదు.

ఈ 40 కిలోలు మెడమీద ఎంత చోట పడుచున్నవో చూడుడు. గుండ్రని గుంజను కాడిగా వేసినచో అది మెడకు సన్నని గీతవలె ఆనును. ఆనిన చోటు 5 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల పొడవు అనుకొన్నచో మొత్తము 80 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై అరకిలో ఒత్తిడి పడును. అదే కాడిని మెడ వంపునకు సరిపోవునట్లు 10 సెంటీమీటర్ల వెడల్పున, 20 సెంటీమీటర్ల పొడవున చెక్కించినచో చోటు 200 చదరపు సెంటీమీటర్లగును. ఒత్తిడి కిలోలో అయిదవవంతునకు దిగును. ఎద్దు అదే, నాగలి అదే, లాగుడు అదే. మారినది వడ్రంగి ఒక పూట పని మాత్రమే.

కాడి చెక్కించునపుడు మెడకు ఆను అడుగుభాగము అంచులు గుండ్రముగా తీయించవలెను. ఎద్దు ప్రక్కకు తిరిగినపుడు మెడను కోయునవి ఆ అంచులే. ముళ్ళు, బొడిపెలు లేకుండ చిత్రిక పట్టించి, గాజుపెంకుతోనో ఇసుక కాగితముతోనో నునుపు చేయించి, నూనె పట్టింపవలెను. తుమ్మ కర్ర గట్టిదే గాని బరువు ఎక్కువ. కాడి బరువు దినమంతయు మెడపై ఉండును గనుక గట్టితనముతోపాటు తేలికతనము కూడ చూడవలెను. కొందరు మెత్తగా ఉండునని గోనెగుడ్డ చుట్టుదురు. గుడ్డ పొడిగా, మడతలు లేకుండ కుట్టియుంచినచో మంచిదే. వానలో తడిసి ఉండకట్టిన గోనె మాత్రము కర్రకంటె ఎక్కువ హాని చేయును.

ఒకే కాడి అన్ని పనులకు పనికిరాదు. దుక్కికి పొట్టి కాడి చాలును. సాళ్ళ నడుమ గుంటక తోలునపుడు నడిమి సాలులో గుంటక, ఇరుప్రక్కల సాళ్ళలో ఎద్దులు నడువవలెను గనుక రెండు మెడల నడుమ దూరము సాళ్ళ దూరమునకు రెండింతలుండవలెను. పత్తి 90 సెంటీమీటర్ల దూరమున వేసినచో మెడల నడుమ 180 సెంటీమీటర్లు, అనగా సుమారు ఆరడుగులు ఉండవలెను. పొట్టి కాడితో తోలినచో ఎద్దులు మొక్కలను త్రొక్కును. త్రొక్కకుండ వాటిని ప్రక్కలకు నెట్టినచో కాడి మెడలపై ఏటవాలై రాపిడి పెట్టును.

వలపల ఎద్దు, దాపల ఎద్దు

కుడివైపు కట్టునది వలపల ఎద్దు, ఎడమవైపుది దాపల ఎద్దు. ఎత్తునందు, నడకయందు, బలమునందు రెండును సమానముగా ఉండుట మేలు. కాని సంతలో సరిజోడు దొరకుట అదృష్టమును బట్టి, చేతిలోని డబ్బును బట్టి ఉండును. జోడు కుదరనివారికి కాడిలోనే ఒక ఉపాయమున్నది.

కాడి ఒక త్రాసుకోల వంటిది. నడిమి కట్టు నుండి మెడవరకు దూరము తక్కువగా ఉన్నవైపు ఎద్దుపై లాగుడు ఎక్కువగా పడును. రెండు మెడల నడుమ 48 అంగుళములున్నచో నడిమి కట్టును సరిగా మధ్యనుండి 2 అంగుళములు బలమైన ఎద్దువైపు జరుపుడు. ఇపుడు ఒకవైపు 22, రెండవవైపు 26 అంగుళములు. 80 కిలోల లాగుడులో బలమైన ఎద్దుకు సుమారు 43 కిలోలు, బలహీనమైనదానికి 37 కిలోలు వచ్చును. కొత్తగా మరుపుచున్న కోడెను పాత ఎద్దుతో కట్టినపుడు ఈ ఉపాయము తప్పక వాడవలెను. కోడె పని నేర్చి బలపడిన కొలది కట్టును మధ్యకు తెచ్చుకొనవచ్చును. కాడిపై ముందే అంగుళమునకొక గాటు పెట్టించుకొన్నచో జరుపుట సులభము. గాటు లోతుగా కోసినచో కాడి అచ్చటనే విరుగును, జాగ్రత్త.

నాగలి లోతు కూడ కట్టును బట్టి మారును. నాగలికోలపై కాడి కట్టును ముందుకు, అనగా ఎద్దుల వైపునకు జరిపినచో కోల వాలు తగ్గి కర్రు మొన నేలలోనికి వంగును, దుక్కి లోతగును. కట్టును నాగలి వైపునకు జరిపినచో కర్రు తేలును. ఈ సంగతి తెలియక కొందరు లోతు చాలలేదని మేడిపై ఒరిగి నొక్కుదురు. ఆ నొక్కిన బలమంతయు ఎద్దులే మోయవలసివచ్చును. కట్టును నాలుగంగుళములు ముందుకు జరిపి చూచిన తరువాతనే మేడిని నొక్కవలెనో లేదో నిర్ణయించుకొనుడు.

బండి విషయమున చూడవలసినది బరువు సర్దుబాటు. బరువు ముందుకు ఎక్కువైనచో మెడ క్రుంగును. వెనుకకు ఎక్కువైనచో నొగ పైకి లేచి పట్టెడ గొంతును నొక్కును. ఎద్దులను కట్టకముందు, నిండిన బండి కాడిని ఒక మనిషి రెండు చేతులతో కష్టములేకుండ ఎత్తగలిగినచో సరిపోయినట్లు. దానంతటదే పైకి లేచినచో బరువును ముందుకు జరుపవలెను. పల్లములో దిగునపుడు బండిని నిలుపు భారమంతయు ఎద్దుల మెడలమీదనే పడునని మరువరాదు. 1970 దశకములో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌కు డైరెక్టరుగా ఉండిన ఎన్. ఎస్. రామస్వామి ఎద్దుబండిని, కాడిని బాగుచేయుట దేశమునకు పెద్ద పనియని పట్టుబట్టి ప్రచారము చేసెను. రబ్బరు చక్రముల బండ్లు పల్లెలకు వచ్చినవి గాని కాడి మాత్రము పెక్కుచోట్ల తాతలనాటిదే.

తాళ్ళు

ముకుతాడుకు ప్రత్తినూలు తాడు మేలు. అది మెత్తన, చెమటను పీల్చును. నైలాను తాడు సన్నగా ఉన్నను తెగదు, కుళ్ళదు. అందుకే రైతు దానిని మెచ్చుకొనును. కాని లాగినపుడు తెగవలసిన తాడు తెగనిచో ముక్కు తెగును. అది జారునపుడు పుట్టు వేడికి చర్మము కమలును. నైలాను తప్పనిసరియైనచో పశువును రాట కట్టు తలుగునకే వాడుడు, ముక్కుకు మాత్రము వలదు. ముక్కు కుట్టుట ముట్టె దగ్గరి మెత్తని చర్మమునందే గాని లోపలి గట్టి భాగమున కాదు. కుట్టించిన దినమే పగ్గము వేసి లాగరాదు. పుండు పూర్తిగా మానిన తరువాతనే పనికి తీయవలెను.

పట్టెడ లోపలికి అరచేయి దూరునంత సందు ఉండవలెను. తెగిన పట్టెడకు బదులు ఇనుపతీగ చుట్టి పని గడుపుకొనుట మిక్కిలి చెడ్డ అలవాటు.

చిక్కము చిన్న వస్తువే గాని దానిని అశ్రద్ధ చేయరాదు. లేత జొన్నలో పశువునకు ప్రాణాంతకమైన సైనైడు విషముండును. పురుగుమందు చల్లిన చేనిలో సాళ్ళు తోలునపుడు ఒక్క నోటి మేత చాలును, ఎద్దు దక్కకపోవచ్చును. ఈ రెండు చోట్ల చిక్కములేక అరక దింపవలదు.

మెడపుండు

ప్రతిదినము కాడి దించిన వెంటనే అరచేతితో మెడను తడిమి చూచుట అలవాటు చేసికొనుడు. వేడి తగిలినను, వాపు కనబడినను, వెండ్రుకలు రాలినను, చేయి వేయగానే ఎద్దు మెడ వంచి తప్పించుకొన్నను పుండు మొదలగుచున్నదని అర్థము. చర్మము ఇంకను పగులలేదు గనుక ఈ దశలో మందుకంటె విశ్రాంతి ముఖ్యము. చల్లని నీటితో తడిపిన గుడ్డ పూటకు రెండు మూడు పర్యాయములు వేసి, వాపు తీయువరకు కాడి పెట్టకుండిన చాలును. ఈ రెండు మూడు దినముల విశ్రాంతి ఇయ్యనివారు తరువాత వారముల తరబడి ఇయ్యవలసివచ్చును. ఈ లెక్క అదనులో రైతుకు చేదుగా ఉండును గాని తప్పునది కాదు.

చర్మము పగిలినచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో సుమారు 9 గ్రాముల ఉప్పు కలిపి ఆ నీటితో కడుగవలెను. పొటాషియం పర్మాంగనేటు లేత గులాబీరంగు వచ్చునంతవరకే కలిపిన నీరు కూడ మంచిదే. రంగు ముదిరినచో అది పుండును కాల్చును. శుభ్రమైన గుడ్డతో అద్ది, పశువైద్యశాలలో ఇచ్చు లేపనము పూయుడు. పుండు చుట్టును వేపనూనె రాచినచో ఈగలు వ్రాలవు. పురుగు పడినచో టర్పెంటైనులో తడిపిన దూదిని కొంతసేపు ఉంచి, బయటికి వచ్చిన పురుగులను తీసివేసి, పశువైద్యునకు చూపవలెను. బూడిద, పేడ, బ్యాటరీ మసి, వాడిన ఇంజను నూనె పుండుపై పూయరాదు. మెడపై కదలని గట్టి కాయ ఏర్పడినను, చీము పట్టినను ఇంటివద్ద కోయక ఎద్దును పశువైద్యశాలకు తోలుకొనిపోవుడు. పుండు మానిన తరువాత కూడ కొత్త చర్మము పలుచగా ఉండును. మొదటి వారము దినమునకొక గంట, రెండు గంటలు మాత్రమే తేలిక పని చేయించి, క్రమముగా పెంచవలెను.

పుండు మాన్పి, పుండుచేసిన కాడినే తిరిగి పెట్టువారున్నారు. పుండు మెడకు ఎచ్చట ఉన్నదో, కాడిలో సరిగా అచ్చట ఏ బొడిపె, ఏ అంచు, ఏ పగులు ఉన్నదో ముందు వెదకుడు. తప్పక దొరకును. పుండు ఎప్పుడును ఒకే ఎద్దుకు, ఒకే వైపున వచ్చుచున్నచో కాడిలో కాక జోడులో, లేక నడిమి కట్టులో దోషమున్నదని తెలిసికొనుడు.

గ్రామాధికారులు తెలిసికొనవలసినవి

పశువులపై క్రూరత్వ నివారణ చట్టము 1960లో వచ్చినది. పుండుతోనో, రోగముతోనో, ముసలితనముతోనో పనికి తగని పశువును పనికి కట్టుట దాని ప్రకారము నేరము. ఆ చట్టము క్రింద 1965లో బండి లాగు, బరువు మోయు పశువులకు ప్రత్యేకముగా నియమములు చేయబడినవి. దినమునకు మొత్తము మీద 9 గంటలకు మించి, విశ్రాంతి లేకుండ ఒక వరుసన 5 గంటలకు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన చోట్ల పగలు 12 గంటలనుండి 3 గంటలవరకు కట్టరాదు. మేకులు, ముళ్ళు, బొడిపెలుగల కర్రగాని, కళ్ళెముగాని, కాడిగాని వాడరాదు. కనుక ములుకోల మొనకు ఇనుపమేకు దిగగొట్టుట కేవలము మొరటుతనమే కాదు, నియమమునకు విరుద్ధము కూడ. బండి పని ముగిసిన తరువాత పశువును కాడి క్రిందనే నిలిపియుంచుట సయితము నిషేధము. సంతరోజున బండి నీడలో పడుకొని, ఎద్దులను కట్టు విప్పక వదలువారికి ఈ చివరి నియమమును ముందుగా చెప్పవలసియున్నది. నేరము మోపుటకు పూర్వము ఆ కాడిని ఒకసారి తడిమి చూచి, చిత్రిక పట్టించుకొమ్మని చెప్పు ఉద్యోగి వలన ఊరికి ఎక్కువ మేలు కలుగును.

పని కాలము ముగిసిన పిదప కాడిని బయట ఎండకు, వానకు వదలివేయక, బురద కడిగి, నీడన ఆరబెట్టి, నూనె పట్టించి కొట్టము దూలమునకు వ్రేలాడదీయుడు. నేలను ఆనించినచో చెదలు పట్టును. నూలుతాళ్ళను, పట్టెడలను సబ్బునీటితో ఉతికి చెమట ఉప్పును పోగొట్టి ఎండబెట్టుడు. తోలు పట్టెడలను మాత్రము ఎండలో వేయక, తడిగుడ్డతో తుడిచి ఆముదము రాయవలెను. ఎలుకలు ఆముదపు తోలును కొరుకును గనుక దూలముపై కాక తీగకు వ్రేలాడగట్టుడు. మృగశిర ప్రవేశించుటకు పది దినములు ముందుగా అన్నింటిని క్రిందికి దించి, కాడిని ఎద్దు మెడపై ఉత్తిగానే పెట్టి చూడుడు. వేసవిలో మెడ చిక్కియుండును, కర్ర ఎండి వంగియుండును. సరిచేయించుకొనుటకు అప్పుడు ఇంకను వడ్రంగికి తీరిక ఉండును.